గాజు నీడ, ముగ్గు గీత

(నిర్మాణ చిత్రాల్లో చదునుతనం, ప్రక్షేపం అనే విషయం మీద అనంతపురంలో వాస్తుశిల్ప విద్యార్థులు, డ్రాఫ్ట్స్‌మన్‌లు, తాపీ మేస్త్రీలు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, విద్యార్థులకు, ఒక పూట పని మానుకొని మరీ వచ్చిన మేస్త్రీలకు నమస్కారం.

ముందుగా ఈ గాజును చూడండి. మా ఇంట్లోదే, రెండు ఆరు సైజు మామూలు మట్టిగాజు. ఈ ఉదయం తొమ్మిది గంటలప్పుడు ఈ భవనం ముందున్న సిమెంటు నేల మీద దీన్ని నేలకు సమాంతరంగా, మోకాలి ఎత్తున పట్టుకొని నిలబడ్డాను. ఎండ ఏటవాలుగా ఉంది కాబట్టి నీడ గాజు కిందే పడకుండా దాదాపు రెండడుగులు పడమరకు జరిగి పడింది. అంత ఏటవాలు ఎండలో కూడా ఆ నీడ సాగలేదు, నలగలేదు. గాజు ఎంతో నీడ అంత, గుండ్రం గుండ్రంగానే ఉంది. తరువాత గాజును కొద్దిగా వంచాను, నీడ అటో ఇటో సాగి దీర్ఘవృత్తమయింది. ఇంకా వంచుతూ పోతే, గాజు అంచు సరిగ్గా సూర్యుడి వైపు తిరిగిన క్షణాన వృత్తమంతా ఒక్క గీతగా మిగిలింది. ఆ తరువాత లోపలికి వచ్చి, నేలకు 8 అడుగుల ఎత్తున వేలాడుతున్న బల్బు కింద దీన్ని 4 అడుగుల ఎత్తున, మళ్లీ నేలకు సమాంతరంగానే పట్టుకున్నాను. నీడ గుండ్రంగానే వచ్చింది గాని రెండింతలయింది.

నేను ఇవాళ చెప్పదలచినదంతా ఈ నాలుగు నీడల్లోనే ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు అనే మూడు కొలతలున్న ఇంటిని రెండే కొలతలున్న కాగితం మీదికి దించాలంటే ఏదో ఒక కొలతను వదులుకోక తప్పదు. దేన్ని వదులుకుంటున్నామో ముందే నిర్ణయించుకొని పూర్తిగా వదులుకుంటే, మిగిలిన రెండు కొలతలూ అంగుళం తేడా లేకుండా దక్కుతాయి. మూడింటినీ కొంచెం కొంచెం ఉంచుకోవాలని చూస్తే, చిత్రం కంటికి ఇంపుగా ఉండవచ్చు గాని దాని మీద స్కేలు పెట్టి కొలవడానికి ఒక్కటీ మిగలదు. నిర్మాణ చిత్రం చదునుగా ఉండటాన్ని చాలామంది ఒక లోపంగా, ఇంకా ప్రాణం పోయని బొమ్మగా చూస్తున్నారు. అది లోపం కాదని, ఇల్లు నిలబడేది ఆ చదునుతనం మీదనేనని నా నమ్మకం.

సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అంత దూరం నుంచి వచ్చే కిరణాలు మన చేతి గాజు దగ్గరికి చేరేసరికి ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నట్లే లెక్క. బల్బు అలా కాదు. దాని నుంచి కిరణాలు ఒక బిందువు దగ్గర బయలుదేరి విచ్చుకుంటూ పోతాయి. ఒక వస్తువులోని ప్రతి బిందువునూ ఇలాంటి కిరణాల వెంట ఒక తలం మీదికి దించడాన్నే ప్రక్షేపం అంటాం, మన ఆఫీసుల్లో ప్రొజెక్షన్ అంటాం. సూర్యుడు చేసేది సమాంతర ప్రక్షేపం. బల్బు, కన్ను, కెమెరా చేసేది కేంద్ర ప్రక్షేపం. సమాంతర ప్రక్షేపంలో ఒక గొప్ప నియమం ఉంది. చిత్రతలానికి సమాంతరంగా ఉన్నది ఏదైనా ఉన్న ఆకారంతో, ఉన్న కొలతతో పడుతుంది. ఉదయం నేల మీద గాజు నీడ చెడకుండా ఉన్నది ఆ నియమం వల్లనే. ఇంటిని అడ్డంగా కోసి చూపే ప్లాన్, ఎదుటి గోడను చూపే ఎలివేషన్, ఇంటిని నిలువుగా కోసి చూపే సెక్షన్ అనే మూడు చిత్రాలూ ఈ ఒక్క నియమం మీదనే ఆధారపడి ఉన్నాయి.

కిరణాలు సమాంతరంగా ఉండటమే గాక తలానికి నిట్టనిలువుగా కూడా పడితే, దాన్ని లంబ ప్రక్షేపం అంటాం. అది ఊహలో తప్ప ఎక్కడా కనిపించదని అనుకోకండి. అనంతపురం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి, మధ్యాహ్నం పన్నెండుంపావు దాటిన కొద్దిసేపటికి సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఆ కొద్ది నిమిషాలు తూకం గుండు దారానికి నీడ ఉండదు. సజ్జ నీడ సజ్జ కిందే పడుతుంది. అప్పుడు ఊళ్లోని ప్రతి ఇంటి పైకప్పు హద్దునూ ఎండే నేల మీద గీసి చూపిస్తుంది. ఆగస్టులో మబ్బు పట్టినా, ఏప్రిల్ చివర మన ఊళ్లో ఆకాశం తేటగానే ఉంటుంది. ఆ రోజు విద్యార్థులు ఎండకు భయపడకుండా ఒక్క పది నిమిషాలు బయటికి వచ్చి చూడాలని నా కోరిక.

మేస్త్రీలకు ఈ విషయం కొత్తది కాదు. గోడ నిలువు చూడటానికి మీరు వేలాడదీసే తూకం గుండు లంబ ప్రక్షేపం తప్ప మరొకటి కాదు. మిద్దె అంచు మీద ఎక్కడ దారం పెట్టినా, గుండు దాని ప్లాన్‌లోని బిందువును నేల మీద చూపిస్తుంది. ఇంటికి ముగ్గు పోయడం అంటే ఏమిటి? పునాది గుంతలు తీయడానికి ముందు దారాలు కట్టి, 3, 4, 5 అడుగుల కొలతలతో మూలమట్టం సరిచూసుకొని, గోడల వెడల్పున తెల్లటి ముగ్గు గీత పోస్తారు. అది ఒకటికి ఒకటి స్కేలులో, అంటే అసలు సైజులో గీసిన ప్లాన్. కాగితం మీది ప్లాన్ ఆ ముగ్గుకు ముందు వచ్చే చిన్న ముగ్గు. మన శిల్పశాస్త్రాల్లో చెప్పిన 64 గళ్ల, 81 గళ్ల మండలాలు కూడా ఇలా నేల మీద పరిచి ఇంటిని ఆలోచించే పద్ధతులే. నేల మీద గీత గీసి దానిలోకి ఇంటిని రప్పించడం మనకు పరాయి విద్య కాదు.

అయితే ప్లాన్ గురించి ఒక పొరపాటు మాట బాగా వాడుకలో ఉంది. ప్లాన్ అంటే పైనుంచి చూసిన ఇల్లు అంటారు. పైనుంచి చూస్తే మిద్దె, నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనిపించవు. ప్లాన్ ఒక కోత. నేల నుంచి దాదాపు 4 అడుగుల ఎత్తున, కిటికీల నడుము మీదుగా ఇంటిని అడ్డంగా కోసి, పై భాగాన్ని తీసి పక్కన పెట్టి, మిగిలినదానిలోకి నిట్టనిలువుగా చూసినట్లు గీస్తాం. నిమ్మకాయను అడ్డంగా కోస్తే బండి చక్రంలాగా తొనలన్నీ నడిమికి చేరి కనిపిస్తాయి, నిలువుగా కోస్తే ఆ చక్రం జాడ కూడా ఉండదు. రెండు కోతలూ నిజమే. ఒక్క కోతే చూసినవాడికి నిమ్మకాయ తెలియదు.

కోసిన తరువాత కత్తి తగిలినదేది, కత్తికి కింద ఉండిపోయినదేది, తీసి పక్కన పెట్టిన పై భాగంలో ఉన్నదేది అన్న భేదాన్ని గీత మందంతోనే చెప్పాలి. కత్తి తగిలిన గోడకు మందపు గీత, కింద కనిపించే గడపకు, అరుగుకు, మెట్లకు సన్నగీత, కత్తికి పైన ఉండే సజ్జకు, అటకకు, దూలానికి తెగిన గీత. నేను పని నేర్చుకున్న రోజుల్లో ట్రేసింగ్ కాగితం మీద రోట్రింగ్ పెన్నులతో గీసేవాళ్లం. గోడకు 0.5 మిల్లీమీటర్ల పెన్ను, గచ్చు గళ్లకు 0.18 మిల్లీమీటర్ల పెన్ను. పెన్ను మార్చడానికి బద్ధకించి అన్నీ ఒకే పెన్నుతో గీస్తే మా గురువుగారు ఆ కాగితాన్ని తిప్పి పెట్టి, ఇందులో గోడ ఏదో చెప్పమని అడిగేవారు, చెప్పలేకపోయేవాళ్లం. చదును చిత్రంలో లోతు ఎక్కడ దాగి ఉందో నాకు ఆనాడు తెలిసింది. నేటి విద్యార్థుల కంప్యూటర్ ప్రింట్లలో గీతలన్నీ ఒకే మందంలో వస్తున్నాయి. ఒక్కో రకం గీతల గుంపుకు, అంటే లేయరుకు, మందం పెట్టడం రెండు నిమిషాల పని. దయచేసి ఆ రెండు నిమిషాలు వెచ్చించండి, ఎందుకంటే సైటులో గోధూళి వేళ ఆ కాగితాన్ని చదివే మనిషికి మీరు పక్కన ఉండరు.

ఇక ఈ విద్య ఎక్కడ స్పష్టంగా మాటల్లోకి వచ్చిందో చూద్దాం. ఇటలీలో ఆల్బెర్టీ అనే పండితుడు 1435లో చిత్రకళ గురించి రాస్తూ, చిత్రం అంటే ఒక కిటికీ వంటిదని, దానిగుండా లోకాన్ని చూస్తున్నట్లు గీయాలని చెప్పాడు. దూరమైనకొద్దీ వస్తువులు చిన్నవై, గీతలన్నీ ఒక బిందువు వైపు కుంచించుకుపోయే దృక్చిత్రానికి, అంటే పర్‌స్పెక్టివ్‌కు, శాస్త్రం రాసింది ఆయనే. అదే మనిషి 1450 ప్రాంతంలో భవన నిర్మాణం గురించి రాసిన గ్రంథంలో వేరే మాట చెప్పాడు. చిత్రకారుడు వెలుగునీడలతోనూ, కుదించిన గీతలతోనూ ఎత్తుపల్లాలు చూపిస్తాడని, నిర్మాణం చేసేవాడు మాత్రం అవన్నీ మాని, ప్లాన్ ఆధారంగా, చెడని కోణాలతో, అసలు కొలతలతో చూపించాలని ఆ మాటకు సారం. దృక్చిత్రం తెలియనివాడు దాన్ని వద్దంటే పట్టించుకోనక్కరలేదు. దానికి మొదటి శాస్త్రగ్రంథం రాసినవాడే, ఇల్లు కట్టేటప్పుడు అది పనికిరాదన్నాడు. సుమారు 1519లో రాఫెల్ పదో లియో పోపుకు రాసిన లేఖలోనూ ఇదే కనిపిస్తుంది. పాత రోమ్ నగర శిథిలాలను కొలిచి గీయడానికి ప్లాన్, వెలుపలి గోడ చిత్రం, లోపలి గోడ చిత్రం అని మూడు కావాలన్నాడు, కుంచించుకుపోయే గీతల నుంచి నిర్మాత కొలత తీసుకోలేడన్నాడు. రాఫెల్ అంతటి చిత్రకారుడు తన చేతిలో ఉన్న గొప్ప నైపుణ్యాన్ని ఆ పని కోసం పక్కన పెట్టాడు. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ఇప్పుడు నా జీవితంలో జరిగిన ఒక తప్పు చెబుతాను. అప్పటికి నేను కడపలో కొత్తగా పనిలో చేరిన డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఉద్యోగ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని ఇంట్లో లోపలి మెట్లకు టేకు చేతిపట్టు వేయాలి. వడ్రంగి కొలత అడిగితే నేను ప్లాన్ మీద స్కేలు పెట్టి 12 అడుగులు అని చెప్పాను. ప్లాన్ మీద మెట్ల వరస పొడవు నిజంగానే 12 అడుగులు. కానీ ఆ మెట్లు 9 అడుగుల ఎత్తు ఎక్కుతున్నాయి. చేతిపట్టు ఏటవాలుగా పోతుంది. ప్లాన్ ఎత్తును వదులుకున్న చిత్రం కాబట్టి ఏటవాలు పొడవు అందులో కుంచించుకుపోయి 12 అడుగులుగా పడింది. ఆయన పెన్షను డబ్బుతో కొన్న మంచి టేకును నా మాట మీద కోసేశారు. బిగించబోతే 3 అడుగులు తక్కువ వచ్చింది. ఆ ముక్కకు అయిన ఖర్చును నేను రెండు నెలల్లో తీర్చాను గాని, తలుపు దగ్గర నిలబడి ఆ కట్టెను చేత్తో తడుముతున్న ఆ పెద్దమనిషి ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

వడ్రంగి నన్ను ఒక్క మాట అనలేదు. కడప బండలు పరిచిన ఆ నేల మీద సుద్దముక్కతో 12 అడుగుల గీత గీశాడు. దాని కొస దగ్గర మూలమట్టం పెట్టి 9 అడుగుల గీత గీశాడు. రెండు కొసలనూ దారంతో కలిపి, ఆ దారాన్ని కొలవమన్నాడు. 15 అడుగులు వచ్చింది. గాలిలో ఏటవాలుగా నిలబడి ఉన్న దాన్ని పక్కకు పడుకోబెట్టి, నేల మీద దాని నిజమైన పొడవును చూపించాడు.

ఆయన చేసిన ఆ పని ఎంత పెద్దదో చాలా ఏళ్ల తరువాత గాని నాకు అర్థం కాలేదు. ఫ్రాన్సులో గస్పార్ మోంజ్ అనే గణితజ్ఞుడు ఉండేవాడు, 1746లో పుట్టాడు. యువకుడిగా ఉన్నప్పుడు మెజియెర్ అనే ఊళ్లోని సైనిక ఇంజినీరింగ్ పాఠశాలలో ఆయనకు ఒక కోట సమస్య ఇచ్చారు. చుట్టూ ఉన్న మిట్టల మీది నుంచి శత్రువు గుండ్లు లోపలికి తగలకుండా గోడలు ఎంత ఎత్తున, ఎక్కడ ఉండాలో తేల్చాలి. అంతవరకూ అది రోజుల తరబడి అంకెలు వేసి చేసే లెక్క. మోంజ్ అంకెలు మాని గీతలతో తేల్చాడు. ఇంత తొందరగా అవడం అసాధ్యమని పై అధికారి మొదట ఆ జవాబును చూడటానికే ఒప్పుకోలేదట. ఆ పద్ధతిని సైనిక రహస్యంగా చాలా ఏళ్లు దాచి ఉంచారు. విప్లవం తరువాత 1795లో ఆయన పారిస్‌లో బహిరంగంగా పాఠం చెప్పాడు, 1799లో అది గ్రంథంగా వచ్చింది.

ఆయన చేసినదేమిటో ఈ ధర్మవరం చీర పెట్టెతో చూపిస్తాను. పెట్టె అడుగును నేల అనుకోండి, వెనక అట్టను గోడ అనుకోండి. లోపల ఒక వస్తువు ఉంది. దాన్ని నేల మీదికి దించితే ప్లాన్, గోడ మీదికి నెడితే ఎలివేషన్. ఇప్పుడు వెనక అట్టను మడత దగ్గర నుంచి విప్పి వెనక్కి పడుకోబెడితే రెండూ ఒకే చదును మీదికి వస్తాయి. విద్యార్థులు ఎక్స్‌వై అని రాసుకునే గీత ఈ మడతే. ఒకే బిందువు నేల మీద ఒకచోట, గోడ మీద ఒకచోట పడుతుంది, ఆ రెంటినీ కలిపే గీత మడతకు లంబంగా ఉంటుంది. అందుకే ప్లాన్, ఎలివేషన్ ఒకదాని కింద ఒకటి సూటిగా గీయమని పోరుతుంటాం. విడివిడి కాగితాల మీద గీస్తే ఆ బంధం కంటికి కనిపించదు. ఇక ఏటవాలు తలం ఏదైనా ఉంటే దాన్ని కూడా ఒక అంచు చుట్టూ తిప్పి చదునుగా పడుకోబెట్టవచ్చు, అప్పుడు దాని అసలు ఆకారం బయటపడుతుంది. మోంజ్ శాస్త్రంలో అది ఒక మూలస్తంభం. కడప బండల మీద వడ్రంగి సుద్దముక్కతో చేసింది సరిగ్గా అదే.

ప్లాన్‌ను, ఎలివేషన్‌ను, పక్క చిత్రాలను కాగితం మీద అమర్చే రెండు పద్ధతులైన ఫస్ట్ యాంగిల్, థర్డ్ యాంగిల్ గురించి చెప్పమని కొందరు విద్యార్థులు ముందే చీటీ పంపారు. ఫస్ట్ యాంగిల్‌లో కన్ను, వస్తువు, తలం అనే వరస ఉంటుంది. గోడ ముందు నిలబడ్డ మనిషి నీడ గోడ మీద పడ్డట్టు చిత్రం వస్తువుకు వెనక పడుతుంది. అందుకే ఎడమ నుంచి చూసినది కుడి వైపున వస్తుంది. థర్డ్ యాంగిల్‌లో కన్ను, తలం, వస్తువు అనే వరస ఉంటుంది. ఆల్బెర్టీ కిటికీలాగా అద్దం మధ్యలో ఉంటుంది. ఎడమది ఎడమనే ఉంటుంది. మన కాలేజీల్లో మొదట నేర్పేది ఫస్ట్ యాంగిల్, అమెరికా నుంచి వచ్చే యంత్రాల చిత్రాలు థర్డ్ యాంగిల్. కాగితం మూలన కోసిన శంకువు గుర్తు ఏ వైపున ఉందో చూడకుండా పని మొదలుపెడితే ఎడమ చేతి భాగం కుడి చేతి భాగంగా తయారై వస్తుంది. ఇంతకు మించి అందులో లోతైన రహస్యం లేదు.

ఐసోమెట్రిక్ గురించి మాత్రం ఒక మాట. కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ యంత్రాల గురించి పాఠాలు చెప్పేవాడు. విడిభాగాలతో నమూనాలు కట్టి, పాఠం అయ్యాక విప్పి, మళ్లీ వేరే యంత్రం కట్టేవాడు. తాను లేనప్పుడు సహాయకులు వాటిని బిగించగలగాలంటే ఎలాంటి చిత్రం కావాలా అని ఆలోచించి, మూడు అంచులూ సమానంగా కుంచించుకుపోయేలా వస్తువును తిప్పి చూపించే పద్ధతిని 1822లో ప్రకటించాడు. మూడు వైపులా ఒకే స్కేలు, మూడింటి మధ్య 120 డిగ్రీలు. ఇందులో మూడు కొలతలూ ఒకేసారి ఉన్నాయి కదా, దేన్నీ వదులుకోలేదు కదా అని మీరు అడగవచ్చు. కోణాన్ని వదులుకున్నాం. గదిలోని ఏ లంబకోణమూ అందులో లంబకోణంగా ఉండదు, ఏ వృత్తమూ వృత్తంగా ఉండదు. మేస్త్రీకి మూలమట్టమే ప్రాణం కాబట్టి, ఐసోమెట్రిక్ చూసి బిగించవచ్చు గాని ముగ్గు పోయలేము.

మన జిల్లాల కళ దగ్గరికి వద్దాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారని మీకందరికీ తెలుసు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా, వెలుగు చొరబడేలా సిద్ధం చేసి, రంగులు వేసి, నగల చోట చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. చాలా బొమ్మల్లో ముఖం పక్కనుంచి కనిపిస్తుంది, పాదాలూ పక్కనుంచే, ఛాతీ మాత్రం ఎదురుగా ఉంటుంది. రావణుడి తలలు ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా పక్కపక్కన పరచి ఉంటాయి. ఒక్కో అవయవాన్ని అది బాగా తెలిసే వైపు నుంచే చూపించడం దీనిలోని పద్ధతి. మనం ప్లాన్‌ను పైనుంచి, ఎలివేషన్‌ను ఎదుటి నుంచి తీసుకోవడం కూడా అందుకే. ఆట జరుగుతున్నప్పుడు గమనించండి. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే ప్రతి రంధ్రమూ సూది మొనంత తేటగా, ఉన్న కొలతలోనే కనిపిస్తుంది. బొమ్మను దీపం వైపు వెనక్కి లాగితే నీడ పెద్దదై, అంచులు మసకబారి, తెర మీద భూతంలా పెరుగుతుంది. అప్పుడు భయం పుడుతుంది, ఆ నీడతో బొమ్మలాటవారు అద్భుతాలు చేస్తారు. కానీ ఆ నీడను చూసి ఇంకో బొమ్మ కోయలేరు. కోయాలంటే తోలును చదునుగా నేల మీద పరచవలసిందే.

హిందూపురం దగ్గరి లేపాక్షికి ఈ ఏడాది విద్యార్థులతో మళ్లీ వెళ్లాను. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో వేసిన ఆ పైకప్పు చిత్రాల కింద ఎంతసేపు మెడ ఎత్తి నిలబడ్డా తనివి తీరదు. అక్కడి మనుషులు చదునుగా ఉన్నారు, నల్లటి హద్దు గీతలో ఎర్రమన్ను రంగు నింపినట్లుంటారు, వెలుగునీడలు లేవు. ఒక విద్యార్థిని నన్ను ఒక మంచి ప్రశ్న అడిగింది. చీరల మీది పూలు, గళ్లు మడతల దగ్గర వంగకుండా, విరగకుండా, బట్టను బల్ల మీద పరిచినట్లు ఎందుకున్నాయి, ఇంత చేయి తిరిగినవాళ్లకు మడత వేయడం రాదా అని. ఆ చిత్రకారులు చీరను కట్టుకున్నవాళ్లు కనిపించే తీరులో కాక, నేసినవాళ్లకు తెలిసిన తీరులో గీశారని నాకు తోచింది. ఆ చిత్రాలు చూసి ఇవాళ్టికీ ఆ అంచును మగ్గం మీదికి ఎక్కించవచ్చు. మడతలతో గీసి ఉంటే ఎక్కించలేము.

ఇంకొక సంగతి. దృక్చిత్రం చూసేవాడిని ఒకేచోట నిలబడమంటుంది, ఆ చోటు మారితే అది చెదురుతుంది. లేపాక్షి కథలు పట్టీలు పట్టీలుగా మండపం పొడుగునా సాగుతాయి, నడుస్తూ చదవాలి. నడిచేవాడికి చదును చిత్రం ఎక్కడి నుంచైనా ఒకటే. 1899లో ఫ్రాన్సులో ఒగ్యూస్త్ ష్వాజీ నిర్మాణ చరిత్ర రాస్తూ, భవనాన్ని పాదాల కింద నుంచి పైకి చూసినట్లు సమాంతర ప్రక్షేపంలో గీశాడు. ఒకే బొమ్మలో ప్లాన్ కొలతలతో సహా ఉంటుంది, స్తంభాలు లేస్తాయి, పైకప్పు లోపలి వైపు విచ్చుకుంటుంది. లేపాక్షి మండపాన్ని ఆ పద్ధతిలో ఒక్కసారి గీయండి. పైకప్పే కథ చెప్పే చోట దానికి తగిన పద్ధతి మరొకటి నాకు కనిపించలేదు.

ధర్మవరంలో చీరకు డిజైన్ గీసే గ్రాఫు కాగితం చూసినవారికి నేను చెప్పేది వెంటనే తడుతుంది. ఒక్కో గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు. ఉదాహరణకు అంగుళానికి 80 పడుగు పోగులు, 60 పేక పోగులు పడే బట్ట అనుకుందాం. చదరపు గళ్ల కాగితం మీద 240 గళ్ల అడ్డం, 240 గళ్ల నిలువు కొలతతో చక్కటి గుండ్రటి చక్రం గీస్తే, బట్ట మీద అది 3 అంగుళాల అడ్డం, 4 అంగుళాల నిలువుతో కోడిగుడ్డులా సాగుతుంది. కాబట్టి గడినే ముందుగా 3 పాళ్ల అడ్డం, 4 పాళ్ల నిలువుతో వేసుకోవాలి. ఆ గ్రాఫులోని ఒక్కో వరస, ఏ పడుగు పోగు లేవాలో మగ్గానికి చెప్పే ఒక్కో జాకార్డు అట్టగా రంధ్రాలు పొడిపించుకొని మగ్గం ఎక్కుతుంది. ఆ కాగితం చూడటానికి చీరలా ఉండదు, ఉండనక్కరలేదు. అది పోగుకు చెప్పే మాట. ప్లాన్ కూడా ఇటుకకు చెప్పే మాట.

ఈ మాట ఇప్పుడు మన ఊళ్లలో మరుగున పడుతోందన్న బాధతోనే నేను ఈ సభకు వచ్చాను. ఎలివేషన్ అనే మాటకు అర్థమే మారిపోయింది. ఎలివేషన్ ఒక చిత్రం పేరు, ఎదుటి గోడను లంబ ప్రక్షేపంలో కొలతతో గీసే చిత్రం. ఇప్పుడు ఎలివేషన్ అంటే ఇంటి ముందు తగిలించే అలంకారం. ఇంటాయన మొదట అడిగేది త్రీడీ, అంటే కట్టిన ఇల్లు ఎలా కనిపిస్తుందో కంప్యూటరులో తయారుచేసి చూపే బొమ్మ. మూడు సెంట్ల స్థలం, ముందు వైపు 24 అడుగులు, ఎదురుగా 20 అడుగుల రోడ్డు. త్రీడీలో ఆ ఇల్లు తోట మధ్య బంగళాలా కనిపిస్తుంది. ఆ చిత్రంలో కెమెరా ఎక్కడుందో నేను చాలాసార్లు లెక్క కట్టి చూశాను. ఒకసారి 60 అడుగుల వెనక ఉంది. రోడ్డు 20 అడుగులే కాబట్టి కెమెరా ఎదురింటి గోడలు చీల్చుకొని 40 అడుగులు లోపలికి పోయి నిలబడి ఉంది. అక్కడి నుంచి ఆ ఇంటిని ఏ మనిషీ ఏనాటికీ చూడలేడు. రోడ్డు మీద నిలబడి తలెత్తితే సజ్జ అడుగు భాగం, బాల్కనీ అడుగు భాగం కనిపిస్తాయి, పైన లక్షలు పోసి చేయించిన కిరీటం కనిపించదు.

లంబ ప్రక్షేపంలో గీసిన ఎలివేషన్‌ను కూడా ఏ మనిషీ ఆ రూపంలో చూడలేడు కదా అంటారు. నిజమే, దానికి అనంత దూరంలో నిలబడాలి. కానీ అది నేను ఇలా కనిపిస్తాను అని చెప్పదు. నా మీద స్కేలు పెట్టి కొలుచుకో అని మాత్రమే చెబుతుంది, ఆ మాట నిలబెట్టుకుంటుంది. త్రీడీని మానమని నేను అనడం లేదు. కంప్యూటరులోని నమూనా మంచి పనిముట్టు, దాన్ని ఎక్కడ కావాలంటే అక్కడ కోసి సెక్షన్ తీసుకోవచ్చు, దూలానికి తల తగులుతుందో లేదో ముందే తెలుసుకోవచ్చు. కెమెరాను రోడ్డు మీద, 5 అడుగుల ఎత్తున, మనిషి కన్ను ఉండే చోట పెట్టి ఇంటివారికి చూపించండి. దానికి ముందు మెట్ల దగ్గర ఒక సెక్షన్ గీయండి, అది గీయకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకండి.

క్రిందటి నెలలో శింగనమల వైపు ఒక చిన్న ఇంటికి ముగ్గు పోశాం. ఇంటావిడ వ్యవసాయ కూలీ, చదువుకోలేదు. ఆమెకు ప్లాన్ కాగితం చూపించాను, తల ఊపింది. త్రీడీ చూపించాను, బాగుందయ్యా అంది. మేస్త్రీ ముగ్గు పోయడం పూర్తయ్యాక ఆమె చెప్పులు విడిచి వాకిలి కోసం గీత తెగిన చోటు నుంచే లోపలికి వెళ్లింది, గీతను ఎక్కడా తొక్కలేదు. వంటగది ఎక్కడని అడిగి అందులో నిలబడింది. పక్క గదిలోకి వెళ్లి, తెచ్చుకున్న చాపను నేల మీద పరిచింది. చాప తల వైపు ముగ్గు గీత మీదికి ఎక్కింది. ఆమె నా వైపు చూసి, అయ్యా, మా మామ ఇక్కడే పడుకోవాల, కాళ్లు యాడ పెడతాడు అంది. కాగితం తీసి చూస్తే మంచం కొలత నేను అడ్డంగా లెక్క వేసుకున్నాను, తలుపు ఆ వైపే తెరుచుకుంటుందని చూసుకోలేదు. మేస్త్రీ దారం విప్పాడు. గోడను 9 అంగుళాలు జరిపి, పాత గీతను కాలితో చెరిపి, కొత్త ముగ్గు పోశాం. ఆమె చాపను మళ్లీ పరిచి, దాని మీద పడుకొని చూసింది.